దుప్పటికి అవతల

దర్జీ దుకాణం మీది గది నుంచి,
ఎండలు మొదలైన వారం.

నాన్నా,

దర్జీ తమ్ముడు "ఇక్కడ అందరం క్షేమం" అని మొదలుపెట్టబోయాడు. కొట్టెయ్యమన్నాను. నేను క్షేమంగా లేను. మీ ఇంటి నుంచి వచ్చి తొమ్మిది రోజులైంది. తొమ్మిది రోజులుగా తిండి సహించడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానా అనిపిస్తుంది.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నీ గొంతు బొంగురు, నా చెవులు మందం. ఎడమది పూర్తిగా పోయింది, కుడిది కొంచెం నయం. నువ్వు మాట్లాడితే నాకు కిటికీ సందులోంచి గాలి కొట్టినట్టు ఉంటుంది. నేను అరిస్తే నువ్వు నవ్వుతావు. పైగా ఫోన్‌లో నా మాట మధ్యలో తుంచేస్తావు. కాగితాన్ని తుంచలేవుగా. చించాలనిపిస్తే చదివాక చించు.

ఇప్పుడు నా ఫిర్యాదు. మీ దగ్గరున్న పన్నెండు రోజులూ నేను కళ్ళు మూసుకుని కూర్చోలేదు. ముందు గదిలో నాలుగు ఉతికే మిషన్లు, వాటి వెనక ఇస్త్రీ బల్ల, బల్ల కింద అర. తెర తీస్తే మీ ఇల్లు. దుకాణానికీ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గుడ్డ. ఆ అర నా మోకాలి ఎత్తు కూడా లేదు. మన ఉడతకి సరిగ్గా మూతి ఎత్తు.

నీ కూతురికి ఉడత అని పేరు పెట్టింది నేనే, ఊరికే పెట్టలేదు. దొరికింది దొరికినట్టు రెండు చేతుల్తో పట్టుకుని కొరుకుతుంది. పన్నెండు రోజుల్లో దాని నోట్లోంచి నేను తీసినవి చెప్తాను విను. చొక్కా గుండీలు మూడు. బట్టలకి కట్టే నంబరు చీటీ ఒకటి. సబ్బు ముక్క. నా కళ్ళజోడు కాడ.

ఆ అరలో ఏముంది? మరకల మందు. పెద్ద డబ్బా వంచలేక నీ పెళ్ళాం దాన్ని ఖాళీ జ్యూసు సీసాల్లో పోసి పెట్టుకుంటుంది. మూడు సీసాలు. నాకు చదువు రాదు, మీ ఇద్దరికీ వచ్చు. డబ్బా మీద ఏదో బారెడు రాసి ఉంది, పక్కన పుర్రె బొమ్మ ఉంది. ఆ బొమ్మ నాకు అర్థమవుతుంది. సీసా మీద నారింజ పండు బొమ్మ ఉంది. అదీ అర్థమవుతుంది. ఏడాది నిండిన పిల్లకీ చదువు రాదు నాన్నా. అదీ నాలాగే బొమ్మలే చదువుతుంది.

అక్కడున్నప్పుడే చెప్పాను. కోడలు "సరే అత్తయ్యా" అంది. ఆ సరే ఎలాంటిదో నాకు తెలుసు. మా అత్తతో నేను అలాంటివి బండెడు అన్నాను. నేను వచ్చే రోజు వంగి చూశాను. సీసాలు అక్కడే ఉన్నాయి.

ఆ మందు దాని డబ్బాలోనే ఉండాలి, డబ్బా దానికి అందని చోట ఉండాలి. అంతకు మించి నేనేమీ అడగడం లేదు. నువ్వు పెద్ద దుకాణదారుడివి కావచ్చు, బట్టలు ఉతకడం నాకు నేర్పకు.

అమ్మ.

(మామ్మగారు చివర్లో ఇంకో నాలుగు మాటలు అన్నారు. అవి రాయలేదు. — దర్జీ)


దుకాణం వెనక గది నుంచి,
ఎండలు ముదిరిన రోజుల్లో.

అమ్మా,

నీ ఉత్తరం అందింది. నేను మిషన్లలో బట్టలు వేస్తుంటే మీ కోడలు పైకి చదివింది. నువ్వే వచ్చి గుమ్మంలో నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకున్నట్టు ఉంది. దర్జీ రాయని నాలుగు మాటలు కూడా నాకు వినపడ్డాయి.

ఉడత బాగుంది. ఇప్పుడు బల్ల అంచు పట్టుకుని ఇల్లంతా చుడుతుంది. నిన్న ఒకాయన చొక్కా జేబులోంచి దువ్వెన తీసి, నాకు తల దువ్వింది. ఉన్న నాలుగు వెంట్రుకలూ సర్దింది.

సీసాల సంగతి. డబ్బా ఇరవై కిలోలు. రోజుకి పాతిక సార్లు దాన్ని వంచితే మీ కోడలి నడుం విరుగుతుంది. అయినా నువ్వు చెప్పావని ఊరుకోలేదు. మూడు సీసాల మెడలకీ ఎర్ర దారం కట్టింది. ఎర్ర దారం చూపించి "ఛీ, కారం" అని ఉడతకి పది సార్లు చెప్పింది. ఇప్పుడు అదే వేలెత్తి చూపించి, మూతి ముడిచి "ఛీ" అంటుంది. చూస్తే నవ్వుకుంటావు.

అసలు నువ్వు ఇలా భయపడుతుంటే నాకు నవ్వొస్తోంది అమ్మా. నేను ఎక్కడ పెరిగాను? నువ్వు పనిచేసిన లాండ్రీ నేల మీద. చుట్టూ మరిగే తొట్లు, కాలే ఇస్త్రీ పెట్టెలు, మనిషెత్తు బట్టల గుట్టలు. నాకు గేటు కట్టారా, తలుపు పెట్టారా? ఏమైంది నాకు? గుండ్రాయిలా ఉన్నాను. గొంతంటావా, అది పుట్టుకతో వచ్చింది, పుట్టగానే మూడు రోజులు ఆపకుండా ఏడ్చానని నువ్వే చెప్పావు. తిండి నిదానంగా తింటాను, అది మంచి అలవాటని అందరూ అంటారు. నన్ను అలా పెంచినదానివి, నా కూతుర్ని దూదిలో పెట్టి పెంచమంటావేంటి?

మీ కోడలు కొంచెం నొచ్చుకుంది. పైకి అనదు. నీ ఉత్తరం మడిచి డబ్బా కింద పెట్టింది, డబ్బా ఊగకుండా. కాబట్టి ఇక ఈ సంగతి వదిలెయ్. మోకాళ్ళకి నూనె రాస్తున్నావా?

నీ కొడుకు.


దర్జీ దుకాణం మీది గది నుంచి,
గాలిదుమారాలు మొదలయ్యాక.

నాన్నా,

ఎర్ర దారమా. దర్జీ చదవగానే మళ్ళీ చదవమన్నాను, వాడు తప్పు చదివాడేమోనని.

పెట్టెలో అన్ని రంగుల దారాలున్న మనిషి ఈ దర్జీ. దారం చూస్తే పిల్లలు ఏం చేస్తారు తమ్ముడూ అని అడిగాను. "లాగుతారు మామ్మగారూ" అన్నాడు. ఇతనికి పిల్లలు లేరు, ఇతనికి తెలిసింది మీకు తెలియలేదు. ఆ దారం ముట్టుకోబోతే అమ్మ పని ఆపి తన వంక చూస్తుంది, వేలు చూపిస్తుంది, "ఛీ" అంటే నాన్న నవ్వుతాడు. ఉడతకి అదొక ఆట. మీరు విషానికి గిలక్కాయ కట్టారు.

నవ్వొస్తోందన్నావు. అయితే నవ్వని సంగతి ఒకటి చెప్తాను.

మా లాండ్రీలో ఒకామె ఉండేది. నీకు తెలియదు. ఏడాది దాటిన పిల్లాణ్ణి పనికి తీసుకొచ్చేది, ఇంట్లో చూసే దిక్కు లేక. మా దగ్గర రెండు తగరపు మగ్గులు ఉండేవి, ఒకే అచ్చులో పోసినవి. ఒకటి గంజి కలపడానికి, ఒకటి కాస్టిక్ ముంచడానికి. బట్ట బిగుసుకోడానికి గంజి, మురికి వదలడానికి కాస్టిక్, సబ్బు కలిపిన ఘాటు సోడా, తగిలితే ఒళ్ళు కాలుతుంది. రెండూ తెల్లగానే ఉంటాయి. గంజి గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆమె ఆ మగ్గుతోనే పిల్లాడికి రెండు గుక్కలు పట్టేది. ఆకలికి కాదు, ఊరుకోబెట్టడానికి. వాడు అలవాటు పడ్డాడు. మగ్గు కనపడితే నోరు తెరిచేవాడు.

మాకు పై పని చూసే మేస్త్రమ్మ చెప్పింది, రెండు మగ్గులూ ఒకే రకం, ఆ మగ్గుతో పిల్లాడికి పట్టకు, కాస్టిక్ మగ్గుని గోడకున్న మేకుకే తగిలించు, కింద పెట్టకు అని. ఆమె విందా? నీలాగే నవ్వింది. ఒకరోజు రెండు చేతులకీ పని తగిలింది, కాస్టిక్ మగ్గు నేల మీద పెట్టింది.

ఇంతే.

(మామ్మగారు ఇక్కడ లేచి వెళ్ళిపోయారు. తర్వాత ఏమైందని అడిగితే నా కత్తెర తీసి బల్ల మీద కొట్టారు. మర్నాడు వచ్చి "ఇంతే, పంపించెయ్" అన్నారు. — దర్జీ)


దుకాణం ముందు గది నుంచి, మిషన్లు తిరుగుతుండగా,
తొలి వానల్లో.

అత్తయ్యా,

ఈసారి నేనే రాస్తున్నాను. ఆయనకి తెలియదు.

మీరు పెద్దవారు, ఒక మాట అంటే పడతాను. కానీ నా సంగతి కూడా వినండి. పొద్దున్న ఆరింటికి షట్టరు ఎత్తుతాను. నాలుగు మిషన్లు, ఇస్త్రీ, వచ్చేవాళ్ళు, పొయ్యేవాళ్ళు, మధ్యలో పిల్ల. నా వేళ్ళ చివర్లు చూశారుగా, తోలు ఊడిపోయి ఉంటాయి. పిల్లతో కనపడితే చాలు, దారిన పోయేవాళ్ళు కూడా తల్లిగా ఎలా ఉండాలో నాకు నేర్పుతారు. సాక్సు వెయ్యలేదేం అని ఒకామె, ఎందుకు వేశావని ఇంకొకామె. బట్టలు తీసుకుపోవడానికి వచ్చినాయన, పిల్ల ఆవిరి పీల్చకూడదని అరగంట చెప్పి, వెళ్తూ సిగరెట్టు వెలిగించాడు. అందరికీ సరే అంటాను. సరే అనకపోతే పని సాగదు. మీకూ అలాగే అన్నాను, నిజమే.

కానీ నన్ను భయపెట్టడానికి కథ కట్టక్కర్లేదు అత్తయ్యా. ఆయన్ని అడిగాను. "లాండ్రీకి పిల్లాణ్ణి తెచ్చుకున్నది మా అమ్మ ఒక్కతే, అక్కడ నేను తప్ప ఇంకో పిల్లాడే లేడని మా నాన్న చెప్పేవాడు" అన్నారు. మరి ఆ ఒకామె ఎవరు? ఆ పిల్లాడు ఏమయ్యాడు? చెప్పకుండా వదిలేశారు. చెప్పడానికి ఏమీ లేక వదిలేశారనుకున్నాను.

ఇంకొకటి. ఇది మీకు చెప్పొద్దని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. రెండు నెలలుగా ఆయనకి ముద్ద దిగడం లేదు. రొట్టె ముక్క నీళ్ళల్లో నానబెట్టుకుని తింటున్నారు, అదీ ఒక్కోసారి అడ్డం పడుతోంది. మెడ దగ్గర చొక్కా వదులైంది. బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చిన్నప్పుడు ఏదైనా మింగావా అని డాక్టరు అడిగాడు. ఈయన, "లేదండీ, ఈ గొంతు పుట్టుకతోనే" అన్నారు. పొట్ట మీద మచ్చ చూసి డాక్టరు మళ్ళీ అడిగాడు. "అది సెగ్గడ్డ" అన్నారు. "మీ అమ్మగారు ఉన్నారా? ఉంటే ఒకసారి అడిగి రండి, వచ్చే నెల గొట్టం దింపి చూద్దాం" అన్నాడు. బయటికొచ్చాక ఈయన నవ్వి, "మా అమ్మని అడిగితే దానికీ ఒక ఉత్తరం రాస్తుంది" అన్నారు. అడగలేదు.

అందుకని నేను అడుగుతున్నాను. పుట్టుకతోనే కదా? ఒక్క మాట రాయండి చాలు.

మీ కోడలు.


దర్జీ దుకాణం మీది గది నుంచి,
అదే వారం.

అమ్మాయీ,

ఒక్క మాట రాయమన్నావు. ఒక్క మాటతో అయ్యేది కాదు, దర్జీతో రాయించేదీ కాదు. మంచివాడే, కానీ ఇతని నోరు ఇతని కత్తెరలాంటిది, మూసి ఉంచలేడు. రాయి తమ్ముడూ, నీ గురించే, రాయి.

ఇంకొకరి దగ్గరికి వెళ్ళాలి. ఈ వీధి చివర మేడ, మూడో అంతస్తు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ మెట్లు ఎక్కలేదు. నాకు నాలుగు రోజులు ఇవ్వు.

ఈలోపు డాక్టరు ఏ గొట్టం దింపుతానన్నా ఒప్పుకోకండి. నా ఉత్తరం వచ్చేదాకా వద్దని చెప్పు. నేనన్నానని చెప్పు.

ఆ సీసాలు తియ్యి అని మళ్ళీ చెప్పను. చెప్పీ చెప్పీ నా మాట అరిగిపోయింది.

అత్తయ్య.


వీధి చివర మేడ, మూడో అంతస్తు నుంచి,
వాన ఆగని రోజు.

నాన్నా,

ఈ చేతిరాత నీకు తెలియదు. ఇది మేస్త్రమ్మది. మెట్ల మీద మూడు చోట్ల కూర్చుని ఎక్కాను. తలుపు తీసి నన్ను పై నుంచి కిందికి చూసింది. "తగవుకి వచ్చావా?" అంది. "రాయించుకోడానికి" అన్నాను. "ఉండు, కళ్ళద్దాలు తెచ్చుకుంటాను" అంది. ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత మేమిద్దరం మాట్లాడుకున్నది ఇంతే. మిగతాది నీకు చెప్తున్నాను, ఆమె వింటోంది.

ఆ కథలో ఒకామె అంటూ ఎవరూ లేరు. ఆమె నేనే. ఆ పిల్లాడివి నువ్వే.

నీ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. పుట్టినప్పుడు నువ్వు ఏడిస్తే నాలుగిళ్ళ అవతలికి వినపడేది, కంచు గంట కొట్టినట్టు. ఆ గొంతు విన్నవాళ్ళలో మీ నాన్న పోయాడు. ఇంక నేనూ ఈమే మిగిలాం.

మగ్గు సంగతి ఈమె నాకు రెండుసార్లు చెప్పింది. రెండోసారి నేను ఏమన్నానో అదీ రాయమంటే కలం ఆపి నా వంక చూస్తోంది. రాయి. "కడుపు పండని దానివి, పిల్లల సంగతి నీకేం తెలుసు" అన్నాను. చాటుగా కాదు, పనివాళ్ళందరి ముందూ అన్నాను. అటు నుంచి ఇటు వరకు ఇస్త్రీ పెట్టెలన్నీ ఆగాయి. ఈమె పక్క బల్లకి వెళ్ళిపోయింది. నేను గెలిచాననుకున్నాను. ఆ రోజంతా నాకు పని తేలిగ్గా సాగింది.

నాలుగు రోజులకి పెద్ద దుప్పట్లు వచ్చాయి, రెండు మంచాల వెడల్పువి. అవి ఒక్కరికి మడత పడవు. చెరో రెండు మూలలు పట్టుకుని దూరం జరగాలి, దులపాలి, చేతులు తల మీదికి ఎత్తి ఒకరికి ఒకరు ఎదురు నడవాలి. రా అని తోటి పనామె పిలిచింది. నా చేతిలో కాస్టిక్ మగ్గు ఉంది. మేకు నాకు ఆరు అడుగుల దూరం. ఆరే అడుగులు నాన్నా. మగ్గు నేల మీద పెట్టి మూలలు అందుకున్నాను.

దుప్పటి ఎత్తితే అవతల ఏమీ కనపడదు, తెలుపు తప్ప. నువ్వు అవతల ఉన్నావు. మగ్గు అవతల ఉంది. అవతలామె ఏదో అంది, నేను నవ్వుతూ నడిచాను. దుప్పటి దించేసరికి మగ్గు నీ రెండు చేతుల్లో ఉంది.

ఒక్క గుక్క. రెండోది నువ్వే ఉమ్మేశావు. అప్పుడు అరిచావు చూడు, ఆ గొంతుతో అదే ఆఖరు.

నీ పొట్ట మీద మచ్చ సెగ్గడ్డది కాదు. అక్కడ కోసి గొట్టం పెట్టి నలభై రోజులు పాలు పోశారు. గొంతు లోపలంతా కాలిపోయిందన్నారు. పెద్దయ్యాక దారి ఇరుకు కావచ్చని కూడా అన్నారు. విన్నాను. ఇంటికి తెచ్చుకున్నాక, నువ్వు మెల్లిగా తింటుంటే చూసి, బాగానే తింటున్నాడుగా అనుకున్నాను. ఇదంతా ఇదే రాతతో డాక్టరుకి చూపించు.

మగ్గు కింద పెట్టింది ఎవరని యజమాని అడిగాడు. నేను నోరు మెదపలేదు. మగ్గుల మీద అజమాయిషీ మేస్త్రమ్మది కాబట్టి తప్పు ఈమె మీదికి పోయింది. ఈమెని మేస్త్రి పని నుంచి తీసేసి రుమాళ్ళు మడిచే బల్ల దగ్గర నిలబెట్టారు. పదకొండేళ్ళు మడిచింది. నేను అదే గదిలో ఉన్నాను.

నీకెందుకు చెప్పలేదంటే, మొదట నీకు వయసు చాలలేదు. తర్వాత నాకు ధైర్యం చాలలేదు. ఆ తర్వాత అబద్ధం పాతబడి, ఇంట్లో మనిషిలా ఓ మూల కూర్చుంది. దాన్ని లేపి బయటికి పొమ్మనడం నా వల్ల కాలేదు. సెగ్గడ్డ కాదు, మూడు రోజుల ఏడుపు కాదు. అన్నీ నేను కట్టినవే.

"ఏమైంది నాకు?" అని రాశావు చూడు, ఆ ముక్క దర్జీ చదివిన రోజు నుంచి నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. నీ ధైర్యం నీది కాదు నాన్నా, నేను చెప్పిన అబద్ధం. ఆ అబద్ధం మీద నిలబడి నువ్వు నీ కూతుర్ని ఆ అర ముందు వదిలావు. నేను నోరు మూసుకుంటే నీకు నేను మంచి అమ్మగా మిగులుతాను. అది నాకు అక్కర్లేదు.

కోపమొస్తే రానీ. ముందు లేచి ఆ సీసాలు తియ్యి, తర్వాత కోప్పడు.

అమ్మ.

(బాబూ, నేను మేస్త్రమ్మని. చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక్కటి తప్పు. మగ్గు సంగతి నేను రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చెప్పాను. ఉత్తరం అయిపోయింది, వాన ఆగలేదు. మీ అమ్మ ఇంకా ఇక్కడే కూర్చుని ఉంది. నేను వెళ్ళమనలేదు.)


దుకాణం వెనక గది నుంచి,
వానలు తగ్గాక.

అమ్మా,

నీ ఉత్తరం వచ్చి పదహారు రోజులైంది. ఇంతకు ముందే రాయాలి. నాలుగు కాగితాలు పాడుచేశాను.

ఎప్పటిలాగే మీ కోడలు పైకి చదవడం మొదలుపెట్టింది, నేను బట్టలు వేస్తున్నాను. "ఆ పిల్లాడివి నువ్వే" దగ్గర ఆగిపోయింది. కాగితం తీసుకుని మిగతాది నేనే చదివాను. మిషన్లు నాలుగూ ఆపేశాను. పనిరోజు మిషన్లు ఆపడం ఇదే మొదటిసారి. ఆ నిశ్శబ్దానికి ఉడత భయపడి వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకుంది.

సీసాలు నేను తియ్యలేదు అమ్మా. నువ్వు ముందు సీసాలు తియ్యమన్నావు, నేను ముందు కోప్పడ్డాను. ఉత్తరం జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళి, ఏ వీధులో గుర్తులేదు, చాలాసేపు తిరిగాను. నా గొంతు విని చిన్నప్పుడు పిల్లలు పెట్టిన పేర్లు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ప్రతిసారీ నీ దగ్గరికొచ్చి చెప్పేవాణ్ణి. ప్రతిసారీ నువ్వు తల నిమిరేదానివి.

తిరిగి వచ్చేసరికి ఆమె అర ముందు నేల మీద కూర్చుని ఉంది. మూడు సీసాలూ వరసగా పెట్టుకుంది. రెండింటి మెడలకి ఎర్ర దారం ఉంది. మూడోదానికి లేదు. దాని మూత తీసి నా చేతిలో పెట్టింది.

మూత అంచు చుట్టూ గాట్లున్నాయి. చిన్నవి, బియ్యపు గింజంత. ఉడతని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దాని మూతి తెరిచి మూత పక్కన పెట్టి చూశాను. పైన నాలుగు, కింద రెండు. సరిపోయాయి. ఆ మూత సగం చుట్టు వదులై ఉందని ఆమె చెప్పింది. ఇంకో సగం చుట్టు మిగిలింది. దారం ఉడత దిండు కింద దొరికింది, నమిలి నమిలి తెల్లబడి.

ఎప్పుడు కొరికిందో మా ఇద్దరికీ తెలియదు. ఆ గదిలోనే ఉండి ఉంటాం. మాకూ దానికీ మధ్య ఏదో దుప్పటి ఉండే ఉంటుంది.

ఇప్పుడు సీసాలు లేవు. డబ్బాకి చేతిపంపు బిగించాను, ఇక వంచక్కర్లేదు. డబ్బాని ఇనప బీరువాలో పెట్టి పైన గడియ వేశాను. అంతా కలిపి ఇరవై నిమిషాల పని. ఇరవై నిమిషాల పని చెయ్యలేక మూడు నెలలు నీతో వాదించాను. మీ కోడలు రోజూ గడియ లాగి చూసి, నన్ను కూడా లాగి చూడమంటుంది. నీ ఉత్తరాలు ఇప్పుడు డబ్బా కింద లేవు.

నీ ఉత్తరం డాక్టరుకి చూపించాను. రెండుసార్లు చదివాడు. గొంతు లోపల పాత కాలిన మచ్చ ఉందని తెలియకుండా గొట్టం దింపి ఉంటే చిరిగేదట. ఇరుకైన దారిని మెల్లిమెల్లిగా వెడల్పు చేస్తారట, ఆరు నెలల్లో నాలుగుసార్లు. మొదటిది అయింది. నిన్న రొట్టె పొడిగానే తిన్నాను, చిన్న ముక్క.

నీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే నేనూ నీలాగే కథ కట్టినట్టవుతుంది. నిన్ను తిట్టాలి. ఉత్తరంలో తిట్టడం నాకు చేతకాదు. ఫోన్‌లో తిడితే నీకు వినపడదు, "ఏంటీ, ఏంటీ" అంటావు, ఒక్కో తిట్టూ మళ్ళీ మొదట్నుంచీ తిట్టాలి. అందుకని నువ్వే రా. నీ కుడి చెవి నా వైపు పెట్టుకుని కూర్చో. తిట్టడం అయ్యాక, పాత గొంతు ఎలా ఉండేదో నాకు చెప్పాలి. అది నీకు తెలుసు, నాకు తెలియదు.

మేస్త్రమ్మ గారిని కూడా తీసుకురా. ఒంటరిగా మెట్లు దింపకు, చెయ్యి పట్టుకో. నాలుగుసార్లు చెప్పారుగా, ఐదోసారి మా దుకాణం చూసి చెప్పమను. నిలబడి వింటాను.

ముందే చెప్తున్నాను, కొత్త మనిషిని చూస్తే ఉడత ఏడుస్తుంది. మేస్త్రమ్మ గారిని ఏమీ అనుకోవద్దను. ఊరుకోబెట్టొద్దు కూడా. దాని ఏడుపు నాలుగిళ్ళ అవతలికి వినపడుతుందమ్మా.

నీ కొడుకు.